ఎనామిల్ డబ్బా, ఎనిమిది పేర్లు

వేట బందు.
అరవై ఒక్క రోజులు సముద్రానికి సెలవు, నాకు పని.
ఫిషింగ్ హార్బర్లో ఒళ్ళు ఒరుసుకుంటూ నిలబడ్డ బోట్ల మధ్య
తాళ్ళకి వేలాడే పలక మీద కూచుని
పాత పేరు గీకి కొత్త పేరు రాస్తాను.
గంగమ్మ తల్లి. మేరీ మాత. మదీనా బాబా.
ఎదురుగా మూడు కొండలూ మూడు గుళ్ళతో
నా అక్షరం వంకర పోతుందేమోనని చూస్తుంటాయి.

టర్పెంటైన్ అందించేది వినీల, నా మేనకోడలు, ఏడో క్లాసు.
నిన్న దీపాలు పెట్టే వేళ అడిగింది:
"మావా, బోట్లకి నువ్వు రాస్తావు.
గ్రహాలకి ఎవులు రాసినారు?"

నాకేం తెలుసు.
జెట్టీ లైటు కింద బడి పుస్తకం తెరిచింది.
రోము అని ఒక ఊరట. వాళ్ళ దేవుళ్ళ పేర్లట.
సూర్యుడి చుట్టూ ఆగకుండా పరిగెత్తేవాడు మెర్క్యురీ,
కబుర్లు మోసే దేవుడు, మడమలకి రెక్కలు.
"మన లోవరాజు," అన్నాను.
రేవులో రొయ్య రేటు మారితే
ఐసు ఫ్యాక్టరీ దాకా చెప్పులు లేకుండా ఉరికేవాడు.

మార్స్ యుద్ధాలు చేయించే దేవుడట, రక్తం రంగు చూసి పెట్టారట.
మన దగ్గర కుజుడు. యుద్ధాలు తెలీవు గానీ
వినీల పిన్ని పెళ్ళి మూడేళ్ళు ఆపాడు.
"ఆ ఎరుపు తుప్పుదంట మావా."
బ్రష్షు ఆగిపోయింది.
తుప్పంటే నాకు తెలుసు.
సగం బతుకు దాన్ని గీకడంలోనే పోయింది.
కోపం కాదు, నెత్తురూ కాదు,
పాపం, ప్రైమరు కొట్టని ఇనుము.

ఇంకో గ్రహాన్ని కనిపెట్టినాయన
దానికి తన రాజు పేరు పెడదామనుకున్నాడట.
ఆ బేరం నాకు కొత్త కాదు.
ఎలక్షన్ ఎలక్షన్‌కీ ఎన్ని పేర్లు రాశాను, ఎన్ని గీకాను!
మంచిదైంది, ఒప్పుకోలేదు లోకం.
అంత పైకి నిచ్చెన ఎవడేస్తాడు?
చివరికి ఆకాశం పేరే పెట్టారు,
అదీ పక్క దేశం భాషలో.

దానవతల నీలంగా ఒకటుంది.
ముందు కంటికి ఆనలేదట.
ఆకాశం పేరు గ్రహం దారి తప్పి నడుస్తుంటే
ఎవరో లాగుతున్నారని కాగితం మీద లెక్క కట్టి
అదిగో అక్కడుందని చూపించారట.
ఇది నమ్మాను.
చేప పైకి రాకముందే తాడు బరువు చెప్పదూ?

"పేరేటి?"
"నెప్ట్యూన్. సముద్రం దేవుడు. గెడ్డం, చేతిలో మూడు మొనల బల్లెం."
"మొగోడా?"
నవ్వాపుకోలేకపోయాను.
మా అమ్మ ముంతెడు పాలు, పిడికెడు పసుపు
అలలో కలిపేది ఆడకూతురనే కదా.
గెడ్డపాయనకయితే చుక్క పోసేది కాదు.

రిఫైనరీ మంట ఆకాశాన్ని కొంచెం కాల్చేసింది.
అయినా పడమటి కొసన మిగిలిందొకటి,
ఎవరూ తుడవని గాజు పెంకులా.
వీనస్, అంది. అందాల దేవత.
పంచాంగంలో ఒంటికన్ను శుక్రుడు, రాక్షసుల గురువు.
మా నాన్నకి గురువూ లేదు, దేవతా లేదు.
తెల్లారగట్ల అది తూర్పున లేస్తే
వల లాగే వేళ అని మాత్రం తెలుసు.
వేగుచుక్క అనేవాడు,
పక్కింటి మనిషిని పిలిచినట్టు.

"మరి మన గ్రహానికి?"
పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది.
"మనదానికి దేవుడి పేరు లేదు మావా.
మట్టి అని. నేల అని. అంతే."
కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
డాల్ఫిన్ నోస్ లైటు ఒకసారి మా మీదుగా పోయి
నీళ్ళలోకి దిగిపోయింది.

డబ్బా అడుగున నీలం కొంచెం మిగిలితే
అడగకుండానే తీసుకుంది.
ఇసకలో బోర్లించిన తెప్ప ఒకటి,
నంబరు కూడా లేనిది, ఎవరిదో తెలీదు.
నాలుక బయటపెట్టి, మోకాళ్ళ మీద కూచుని
దాని పక్కటెముక మీద రాసింది: వేగుచుక.
కింద వత్తు మర్చిపోయింది.
చెప్పలేదు నేను.
తేమ గాలి.
ఆరడానికి పొద్దుటి దాకా పడుతుంది.