మోచెయ్యి

అద్దాల బోర్డు తాళం నా దగ్గరే ఉంటుంది.
ఈ కంప్యూటర్ డిపార్టుమెంటులో
చెవి తిప్పితే తెరుచుకునేది ఇప్పుడదొక్కటే.
మిగతావన్నీ పాస్‌వర్డులు, అవి నాకు చెప్పరు.

మేడమ్ చీటీ పంపింది:
"రమణయ్యా, పాతవి తీసేసి కొత్తది పెట్టు."
పాతవాటిని నేను పారెయ్యను.
సర్వర్ గది బీరువాలో అడుగు అర నాదే.
జావాలో కప్పు కొట్టిన పెంచలరత్నం అందులోనే ఉన్నాడు,
మనిషి మాత్రం వెంకటాచలం మీసేవలో కూర్చుంటాడు.
నా కరెంటు బిల్లు తప్పు పడితే
లైన్లో నిలబెట్టకుండా సరిచేసి పంపాడు.

కొత్తదంటే, మొన్న జిల్లా పేజీలో పడ్డ ముక్క.
తిరుపతి పోటీల్లో మన పిల్లలకు రెండో బహుమతి.
ఆ బహుమతి వాసన నాకు తెలుసు.
నిమ్మకాయ వాసన.

గూడూరు మార్కెట్ నుంచి మూడు గోతాలు
కాకుటూరు స్టాపులో దింపుతుంటే
"చదువుకునే పిల్లోళ్ళకి ఇన్ని కాయలెందుకబ్బా,
ఊరగాయ పరీక్షా?" అన్నాడంట కండక్టరు.
కాయను చూసి రకం చెప్పే ప్రోగ్రాము అది.
చెప్పాలంటే ముందు అది చూడాల,
నాలుగు వేల కాయల్ని, నాలుగు వైపులా.
ఖాజావలి ఒక్కో కాయనీ తెల్ల తువ్వాలు మీద పెట్టి
ఫోటో తీసి, తిప్పి, మళ్ళీ తీసి,
పచ్చి, పండు, మచ్చ, మెత్తన అని
నోటుబుక్కులో రాసుకుంటా కూర్చున్నాడు,
పెళ్ళివారి పద్దు రాసినంత శ్రద్ధగా.

వాళ్ళ నాయన ఆ మార్కెట్లోనే హమాలీ.
మూట ఎత్తితే చాలు, లోపల ఎన్ని చెడ్డాయో చెప్పేస్తాడు.
"నా భుజానికి తెలిసింది దానికెట్టా తెలుస్తుందిరా" అన్నాడంట.
అని, మళ్ళీ ఆయనే గోతాలు మోసి బస్సెక్కించాడు.

ఆ నెలంతా ల్యాబు తలుపు తీస్తే పులుపు.
కీబోర్డు సందుల్లో గింజలు.
తొమ్మిదింటికి నేను తాళమెయ్యాల.
"ఇంకొక్క గంట రమణయ్యన్నా" అంటుంది సునయన.
ఆ గంట పన్నెండింటికి గానీ పూర్తయ్యేది కాదు.
మెత్తబడ్డ కాయలు మా ఇంటికి పోయాయి,
మా ఆవిడ రెండు జాడీలు పెట్టింది.
ఇప్పటికీ పెరుగన్నంలో ముక్క కొరుకుతుంటే
ఇది ఏ రకంలో రాశాడో అనుకుంటా.

తిరుపతిలో జరిగింది పేపరు రాయలేదు.
జడ్జీ సంచిలోంచి టెన్నిసు బంతి తీసి పెట్టాడంట.
మన ప్రోగ్రాము తడుముకోకుండా
"మొదటి రకం, ఎగుమతికి పనికొస్తుంది" అనింది.
హాలంతా నవ్వులు.
సునయన గొంతు సర్దుకుని
"సార్, దానికి మేము నిమ్మకాయలే చూపించాం,
మోసం ఇంకా చూపించలేదు" అనిందంట.
బహుమతి ప్రోగ్రాముకొచ్చిందో, ఆ మాటకొచ్చిందో
నాకు తెలీదు.

ఖాజావలి తిరుపతి పోలేదు.
ఆ రోజే వాడికి లెక్కల సప్లిమెంటరీ.
కాయల లెక్కలో పడి పోగొట్టుకున్న పేపరు అది.

ఫోటో ఇక్కడే తీశారు, పోర్టికోలో.
సునయన, లోకనాథ్, ప్రభావతి, పక్కన డీన్ గారు.
పేపరోళ్ళు సునయనను సునీత చేశారు, పోనీ.
డీన్ గారి కోటు దాటాక, కుడి అంచున
ఒక మోచెయ్యి.
మడిచిన గళ్ళ చొక్కా దాకా, అంతే.
మిగతా మనిషి పడాల్సిన చోట పక్క వార్త పడింది:
కృష్ణపట్నం రోడ్డులో లారీ బోల్తా.

"అంచులు నీటుగా కోసి పెట్టు" అని చీటీలో చివరి మాట.
కత్తెర కోటు పక్కకొచ్చి ఆగింది.
ఆ గళ్ళ చొక్కా నాకు తెలుసు.
ఏసీ చలికి వణుకుతుంటే
నా బీరువాలో చొక్కా వాడికి తొడిగింది నేనే.

పొద్దున మేడమ్ బోర్డు ముందు ఆగింది.
"ఇదేంది రమణయ్యా, లారీ కూడా వచ్చిందే?"

"కత్తెర మొద్దుబారింది మేడమ్" అన్నాను,
తాళంచెవి జేబులో వేసుకుంటా.