పలికినవి, పలకనివి

సీటీసీ మెట్ల దగ్గరే నవనీతకు చెప్పాను:
మెరిసేది చూడకు, పలికేది చూడు.
జేబులో తొమ్మిదివేల ఎనిమిది వందలు.
తాళంచెవుల గుత్తికి వేలాడుతూ ఒక పెన్‌డ్రైవ్,
దాంట్లో ఎవరూ అమ్మని, ఎవరూ కొనని
ఆపరేటింగ్ సిస్టం.

రెండో అంతస్తులో ముజఫర్ భాయ్ దుకాణం.
వైర్ల చిక్కులో ఇరుక్కున్న చాయ్ గ్లాసు.
"ఇది తీస్కోండ్రి సార్, నిన్ననే దిగింది,
గేమింగ్ కార్డు, కీల కింద ఏడు రంగుల లైట్లు."
నేను దాన్ని వెనక్కి తిప్పాను
మామిడిపండు తొడిమ దగ్గర వాసన చూసినట్టు.
లోపల వైఫై చిప్ ఎవరిది భాయ్?
"ఎవరిదైతే ఏంది సార్, నెట్ వస్తది."

వస్తది. డబ్బు కట్టి తెచ్చుకున్న కిటికీల్లోంచి వస్తది.
మా దాంట్లో రావాలంటే
ఆ చిప్ చేసినవాళ్లు దాని భాష ఎక్కడైనా రాసిపెట్టాలి.
రాయకపోతే,
ఏ ఊళ్లోనో నిద్రపట్టని మనిషెవరో
దాన్ని పొడిచి పొడిచి, అడిగిందే అడిగి
మాట రాబట్టి ఉండాలి.

పెన్‌డ్రైవ్ గుచ్చాను.
నల్ల తెర మీద తెల్ల వరుసలు,
లాలాగూడ వర్క్‌షాపు సైరన్ మోగాక
గేటులోకి పోయే మొదటి షిఫ్టులా
ఒకరి వెనక ఒకరు హాజరు పలుకుతూ.
కీబోర్డు, ఉన్నాను.
డిస్కు, ఉన్నాను.
వైఫై దగ్గర తడబడి ఒక వరుస:
ఇక్కడ ఏదో ఉంది, ఏమిటో తెలియదు.

నవనీత నోట్‌బుక్‌లో ఇంటూ కొట్టింది.

నాకు మాత్రం ఆ వరుసంటే గౌరవం.
రైల్వే స్టోర్స్‌లో ఇరవై ఆరేళ్లు చేశాను,
తెలియనిదాన్ని తెలియదన్న ఆఫీసర్ని ఒక్కణ్ణే చూశాను.
ఆయన్ని కాజీపేట బదిలీ చేశారు.

రెండోది అన్నీ పలికింది, పాట తప్ప.
మూడోది మూత వేస్తే నిద్రపోయింది,
తీస్తే లేవలేదు.
ముజఫర్ భాయ్ దాని వీపు మీద తట్టి
"ఉఠో బాబా, గిరాకీ వచ్చిండు" అన్నాడు.
ఉహూ.

"మీకు కంప్యూటర్ కావాల్నా సార్, జవాబిచ్చే మనిషి కావాల్నా?"

అప్పుడు బల్ల కింద నుంచి నాలుగోది లాగాడు.
ఏదో బ్యాంకు వేలంలో వచ్చిన సరుకు,
మూత మీద సగం గీకిన ఆస్తి నంబరు,
ఎంటర్ కీ నున్నగా అరిగి ఉంది
ఎన్ని అప్పులకు సరే అన్నదో.
ఎనిమిదేళ్ల వయసు, ఎనిమిది జీబీ ర్యామ్,
బొమ్మల కార్డు విడిగా లేదు, అదే మేలు.
కొత్తదాని గుట్టు దాన్ని చేసినవాడికే తెలుసు.
దీని గుట్టు ఈపాటికి ఊరందరికీ తెలిసి ఉంటుంది.

వరుసలు కదిలాయి. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను.
మళ్లీ వైఫై దగ్గరే ఆగింది.
ముజఫర్ భాయ్ ఈసారి నవ్వలేదు.
ఉస్మానియా బిస్కెట్ల డబ్బా తెచ్చి బోర్లించాడు,
వేలి గోరంత కార్డులు, ఇరవయ్యో ముప్ఫయ్యో.
నవనీత ఒక్కొక్కదాని వీపు మీది నంబరు చదువుతుంటే
నేను నా చీటీతో సరిపోల్చుకున్నాను.
పదిహేడోది.
రెండు స్క్రూలు, రెండు సన్నని తీగలు, మూడు వందలు.

పలికింది.

బ్యాటరీ నలభై నిమిషాలే నిలుస్తుందని
ఐదు వందలు తగ్గించమన్నాను.
రెండు వందలు తగ్గించి, చాయ్ తాగించాడు.

మెట్టుగూడ దాకా ఆటోలో నవనీత ఒళ్లో అది.
"సార్, ఆ నిద్రపట్టని మనిషి పేరేంది?"
సాయంత్రం క్లాసులో ఆ చిప్‌కి మాట నేర్పిన ఫైలు తెరిచాను.
పైన సంవత్సరం, పక్కన పేరు.
కూడబలుక్కుంటూ చదివింది, రెండుసార్లు.
నోట్‌బుక్‌లో రైట్ గుర్తు పక్కన రాసుకుంది
ఒక అక్షరం తప్పుగా.
"ఆడపేరా సార్, మగపేరా?"

తెలియదు అన్నాను.