పెదాలు

కరెంటు వచ్చి పోతున్న రాత్రి, నెల్లిమర్ల మిల్లు క్వార్టర్లో
మా ఎర్నమ్మత్తకి దెయ్యం సినిమా పెట్టాను.
ఇటలీ వాళ్ళది. నలుపూ తెలుపూ.
అత్త పెళ్ళికి కూడా ముందుది.

కోట. కోట చుట్టూ పొగమంచు.
గుర్రబ్బండి చక్రం బురదలో దిగబడి
బండివాడు ఇక ఆ దారంట రానంటాడు.
"ఆడికి తెలివుంది" అంది అత్త.

అత్తకి వినపడదు.
ముప్ఫైరెండేళ్ళు మగ్గాల షెడ్డులో
చెవులు రెండూ మిల్లుకిచ్చేసి
గ్రాట్యుటీ తెచ్చుకుంది.
ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ అందదు గనక
ఆడోళ్ళంతా పెదాలు చదవడం నేర్చారు.
ఎవరింట్లో ఏ కూరో, ఎవరి మొగుడు కొట్టాడో
నాలుగు మగ్గాల అవతలికి
గొంతు లేకుండానే పాకేది.

అందుకే కేకలకి నేను దిండు పట్టుకుంటే
అత్త చేగోడీ కొరుకుతోంది.
తలుపు కిర్రుమనడం ఆమెకి లేదు,
తోడేలు లేదు, ఉరుము లేదు.
కొవ్వొత్తుల సెమ్మె పట్టుకుని తెల్లగౌను పిల్ల
నేలమాళిగ మెట్లు దిగుతుంటే మాత్రం
"ఒక్కత్తీ ఎల్తాదేటి, పక్కింటోళ్ళు నేరేటి?" అంది.

కాసేపటికి తెర దగ్గరికి జరిగింది, ముక్కు తగిలేంత.
"ఒలే, ఈ గుంట నోరు ఒకటంతన్నాది,
మీకు ఇనపడీది ఇంకోటి. అవునా?"
అవును. గొంతు ఇంకెవరిదో, తర్వాత అతికించింది.
నేను చెప్పనే లేదు.
మరేమంటోందత్తా, అని పెదాలతోనే అడిగాను.
"దొరల బాస, నాకేటి తెల్సు.
బయం మాత్రం నేదు. ఎవుర్నో పిలస్తన్నాది."

రాతిపెట్టె మూత జరుగుతోంది.
దుమ్ము వెలుగు చారలో తేలుతోంది, కిందికి దిగదు.
అత్త ఆ పిల్లని వదిలేసి దుమ్మునే చూస్తోంది.
"గోగుపీచు" అంది. "ఇలాగే. సరిగ్గా ఇలాగే.
కిటికీ కాడ సూరీడమ్మ నిలబడీది,
జుట్టు మీదంతా తెల్లగా."

సూరీడమ్మ ఎవరో నాకు తెలీదు.
అడిగేలోగా కరెంటు పోయింది.

ఫోను వెలుగులో టీవీ నల్ల అద్దం. అందులో మేమిద్దరం.
అత్త పెదాలు కదులుతున్నాయి.
నాతో కాదు. అద్దంలో కాస్త పక్కకి,
నాలుగు మగ్గాల దూరానికి.
ఏదో అడుగుతోంది. ఆగుతోంది. తలూపుతోంది.

నాకు ఆ చదువు రాదు.
చేగోడీల డబ్బాకి మూత పెట్టాను,
చప్పుడు కాకుండా,
ఎందుకో.