శివారు నుంచి మొదలు

గెలిచిన రోజు నా మెడలో పడ్డ బంతిపూల దండ
హాస్టల్ కిటికీ చువ్వకి వేలాడుతోంది.
మూడొందల పద్నాలుగు ఓట్లు.
ఆ అంకెని నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పను.

ఆ దండ పూర్తిగా రాలకముందే
యూనివర్సిటీ బస్సు మమ్మల్ని కాలవగట్టున దింపి వెళ్ళిపోయింది.
ముప్పై రెండు మందిమి,
ఎనిమిది కొడవళ్ళు, రెండు పంగలకర్రలు, ఒక బ్యానరు.
నా చేతిలో మైకు.
కాలవ నిండా గుర్రపుడెక్క,
ఊదారంగు పూలెత్తి
మా కోసమే ముస్తాబైనట్టు.

మొదటి రోజు పనులు పంచాను.
నువ్విటు, నువ్వటు, మీ ఇద్దరూ ఫొటోలు.
సాయంత్రానికి మేం తీసిందెంతో
ఎగువ నుంచి తేలి వచ్చిందీ అంతే.

రెండో రోజు రమీజా
ఒక్క మాటైనా అనకుండా
చున్నీ నడుముకి బిగించి మొలలోతు నీళ్ళలో దిగింది.
నేనింకా గట్టు మీద హాజరు పిలుస్తున్నాను.
"ప్రెసిడెంటూ, ఆ తాడు కొస పట్టుకో."
పట్టుకున్నాను.
మైకు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.

గుల్ల కోసింది అరికాలు.
లష్కరు ఏసుపాదం సైకిలుకి స్టాండు వేసి
నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని
బురద కడిగి
గుల్లముక్క గోటితో తీశాడు.
అరవై ఏళ్ళ మనిషి.
సిగ్గేసి కాలు లాక్కోబోయాను.
"ఆయ్, కదలకండి బాబూ,
రేపు మళ్ళీ దిగాలి కదండీ."

ఆ రాత్రి దాళ్వాకి వంతు నీళ్ళు.
రెండున్నరకి తూము ఎత్తాక
నేను అక్కడే నిలబడదామనుకున్నాను,
నీళ్ళు దూకే చోట,
చప్పుడుండే చోట,
ఫొటో బాగా వచ్చే చోట.
ఆయన సైకిలు దిగువకి తిప్పాడు.
వెనక క్యారేజీ మీద నేను, కట్టుకట్టిన కాలు చాపుకుని.
మూడు కిలోమీటర్లు.
టార్చి వెలుగులో కప్పలు.
ఎవరో బోదెకి అడ్డం పెట్టిన గడ్డిమోపు తీసి గట్టున వేశాడు.
ఇంకెవరో కుక్కిన ఎరువుబస్తా లాగి పడేశాడు.
ఎవరు వేశారో అడగలేదు.
అడిగితే తగవు తెల్లారేదాకా సాగుతుంది,
వంతు ఈలోపే అయిపోతుంది.

చిట్టచివర గంగరత్నం చేను.
అరవై సెంట్లు. నెర్రెలిచ్చిన మడి.
గోనెపట్టా కప్పుకుని గట్టు మీద ఆమె.
మేమూ కూర్చున్నాం.
చాలాసేపటికి
ముందు వాసన వచ్చింది,
తర్వాత కొంచెం నురగ,
ఆ వెనక చీకట్లో పిల్లి పాలు తాగుతున్నట్టు ఓ సన్నటి చప్పుడు.
నేను లేచి పార అందుకోబోయాను.
ఆమె ఇవ్వలేదు.
"నా మడి సంగతి నాకు తెలుసులే.
నువ్వు టార్చి పట్టుకో, చాలు."
పట్టుకున్నాను.

"తూము దగ్గర కొలిస్తే
నీళ్ళెప్పుడూ బాగానే ఉంటాయండి"
అన్నాడు ఏసుపాదం బీడీ ముట్టించి,
నాకు చెప్పినట్టు కాదు, ఊరికే.
"రిజిస్టరు ఇక్కణ్ణుంచి రాయాలి."

మారిపోయానని చెప్పను.
స్టేజీ ఎక్కితే ఇప్పటికీ గొంతు దానంతటదే లేస్తుంది.
పోయిన వారం ఫ్లెక్సీలో నా ఫొటో చిన్నదైందని
ఒక పూట అలిగాను కూడా.
కాకపోతే ఈ మధ్య
మెస్సులో తొమ్మిదింబావుకి వెళ్తున్నాను,
ల్యాబు నుంచి ఆలస్యంగా వచ్చే వాళ్ళ వెనక,
వరసలో ఆఖరున.

అడుగంటిన సాంబారు డేక్సాలో గరిటె గీరుతున్న చప్పుడు.
నా ముందు ఫస్టియర్ పిల్లాడు, తాళ్ళరేవు అట,
ఉత్త మజ్జిగనీళ్ళు పోసుకుని కలుపుకుంటున్నాడు.
రోజూ ఇంతేనా అంటే
"చేరి ఏడు నెలలండి" అన్నాడు,
ఫిర్యాదు కాదు, లెక్క.
అందులో రెండు నావి.

వంటగదిలోకి వెళ్ళాను.
వెంకాయమ్మ గిన్నెల గుట్ట ముందు పీట వేసుకుని ఉంది.
ఎంతమందికి చాలడం లేదని అడగబోయి
ఎందుకో ఆగి
పీచు అందుకున్నాను.
ఆమె నావైపు చూడకుండానే
"ఆ పెద్ద డేక్సా ఇటు లాగు" అంది.

సగం గిన్నెలయ్యాక
తనే చెప్పడం మొదలుపెట్టింది.