ఆసక్తి గల పక్షాలు

కొత్త రిజిస్టరిచ్చారు, నీలం అట్ట.
తేదీ, వాల్వు నంబరు, వాసన ఉందా లేదా,
ఉంటే ఎన్ని గంటలకి, ఎవరికి చెప్పారు.

ఇరవై రెండేళ్లు ఈ గ్యాసు గొట్టం మీదే నడిచాను,
కౌశిక గట్టు నుంచి లాకుల దాకా.
అప్పట్లో చెప్పడమంటే
సైకిలు దిగి, షెడ్డులో ఎవరైనా ఉంటే చెప్పడం.
టీ తాగి వచ్చేవారు. లేదంటే లేదు.

ట్రైనింగులో ఆడిటరమ్మ అడిగింది:
"ఇక్కడ ఆసక్తి గల పక్షాలెవరు?"
మా బుల్లెబ్బాయి కిటికీలోంచి చూసి
"కొంగలండి, నీటికాకులు" అన్నాడు.
అందరం నవ్వాం.
ఆవిడ నవ్వలేదు, రాసుకుంది.

నిన్న పదిహేడో వాల్వు కింద
బోదెలో బుడగలు.
చేపల చెరువువో, మనవో.
అవతలి గట్టు మీంచి
బాతులు మేపే పల్లాలమ్మ కేకేసింది:
"మూడ్రోజుల్నించి దిగట్లేదయ్యా ఇయ్యి, ఆ నీళ్లలోకి!"

తేదీ వేశాను. నంబరు వేశాను.
'మొదట గమనించినది' అన్న గడిలో
నా పేరు రాయబోయి, ఆగి,
బాతులు అని రాశాను.

సాక్షి సంతకం పల్లాలమ్మది.
సిరా లేదు,
బోదె బురదలోనే వేలు ముంచి ఒత్తింది.
సాయంత్రానికి ఆరింది.
ముద్ర చుట్టూ కాగితం మీద
సన్నగా పాకుతోంది జిడ్డు.