సగం బ్లేడు

అరండల్‌పేట మంగలి షాపులో అడిగి తెచ్చిన సగం బ్లేడు,
పాత టెలిస్కోపు విప్పితే దొరికిన పుటాకార దర్పణం,
సూదిబెజ్జమంత వెలుగు.
ఇంతే సరంజామా.
వెలుగు వెళ్లి, అద్దానికి తగిలి, తిరిగొచ్చి
బ్లేడు అంచు మీద సగానికి సగం తెగుతుంది.
దారిలో గాలి ఎక్కడ వేడెక్కి పల్చబడిందో
అక్కడ కిరణం రవ్వంత పక్కకి జరుగుతుంది.
ఆ జరుగుడే బొమ్మ.

మే నెలలో కుదరదీ పని.
గుంటూరు గాలికీ మన ఒంటికీ అప్పుడు తేడా ఉండదు.
అందుకని మాఘమాసం, పొద్దున్నే,
ఫ్యాను కట్టేసి, కిటికీలు బిగించి.

మస్తాన్ వలి అగ్గిపుల్ల గీశాడు.
మంట కంటే మూరెడు పొడుగున
జుట్టు విరబోసుకుని లేచింది గాలి.
చప్పట్లు కొట్టమన్నాను.
అరచేతులు కందిపోయేదాకా కొట్టాడు పాపం.
నూట పదమూడో ఫోటోలో దొరికింది చప్పుడు,
చేతుల్ని వదిలి పోతూ,
కత్తిరించిన గోటిముక్కలాంటి వంపు.
"ఇంత సన్నమా సార్?" అని
మళ్లీ ఒకటి కొట్టి, చెవొగ్గి విన్నాడు.

గది ఊడ్వడానికొచ్చిన ఏలీశమ్మ
చీపురు గోడకానించి చాలాసేపు చూసింది.
పొద్దున మా కాలేజీ, పదింటి నుంచి మిర్చి యార్డు,
తొడిమలు తీసే పని.
"సారూ, రాత్రుళ్లు నా చేతులు మండిపోతయ్యి,
తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటా.
ఆ మంట కనపడుద్దా ఇందులో?"

వేళ్లు పట్టుకుని అద్దం ముందు సరిచేసి నిలబెట్టాను.
సందుల్లోంచి మెల్లగా లేచాయి తెరలు.
పక్కన నా చెయ్యి పెట్టాను.
అవే తెరలు. అంతే ఎత్తు.
ఫోటోలో ఎవరి చెయ్యేదో మస్తాన్ చెప్పలేకపోయాడు,
పైగా ఆమె కొంగు విదిలిస్తే మూడుసార్లు తుమ్మాడు.
తుమ్ములు మాత్రం బ్రహ్మాండంగా పడ్డాయి.
"నా మంట రాలా, ఆయన తుమ్మొచ్చింది," అని నవ్వి
చీపురందుకుంది.
ఏదో చెప్పబోయాను, సాంద్రత, వక్రీభవనం...
అప్పటికే బెంచీల కింద ఊడుస్తోంది.

రికార్డులో రాశాను:
అగ్గిపుల్ల, నమోదైంది.
చప్పట్లు, నమోదయ్యాయి.
అరచేతులు రెండు, తేడా లేదు.

ఆ రాత్రి బ్రాడీపేటలో, కరెంటు పోయిన గదిలో,
నిద్రమత్తులో కన్ను నులుముకున్నాను,
ఆ చేత్తోనే.
గుడ్డిగా కుళాయి దాకా పరిగెత్తాను,
సబ్బుతో కడిగాను, పెరుగు రాశాను.
తెల్లారేదాకా
ఒక కన్ను నమోదు చేస్తూనే ఉంది.