రెండో నంబరు

కార్తీకం ఎండ గంటస్తంభం మీంచి
నా కొట్టు గుమ్మంలోకి జారే వేళకి
హైమవతమ్మగారు వచ్చి
గాజుబల్ల మీద డబ్బీ టక్కున పెట్టింది.
"ఈ పౌడరు వాపసు తీసుకో అమ్మాయ్,
ఫోను నన్ను గుర్తుపట్టలేదు."

నవ్వు ఆపుకున్నాను.
ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజీలో కూర్చుని
బొబ్బిలిని రాయగడకీ, పార్వతీపురాన్ని కలకత్తాకీ కలిపిన మనిషి.
ఇప్పుడు నవంబరు వచ్చిందంటే
బతికే ఉన్నానని ఫోనుకి ముఖం చూపించాలి,
అప్పుడే పింఛను.
మూడుసార్లు రెప్పలార్పిందిట.
మూడుసార్లూ సరిపోలలేదందిట.

డబ్బీ తిప్పి చూశాను. ఒకటో నంబరు.
ఉన్నవాటన్నిట్లోకీ తెల్లది.
నేను లేనప్పుడు మా తమ్ముడు అంటగట్టుంటాడు,
లేదా ఆవిడే అడిగి పట్టుకెళ్లుంటుంది.
పుట్టిందగ్గర్నుంచీ దబ్బపండు ఛాయని వినీ వినీ
చెయ్యి దానంతటదే అటు పోతుంది.

"ట్యూబులైటు కింద కాదు, ఇలా గుమ్మంలోకి రండి."
మణికట్టు చాపింది.
అక్కడ కాదమ్మా,
గాజుల కింద దాక్కున్న తోలుకి వయసు తెలీదు.
దవడ ఎముక మీద, మెడలోకి దిగేచోట
మూడు గీతలు గీశాను.
ఒకటోది సున్నం కొట్టిన గోడ.
మూడోది ఇటికపొడి.
రెండోది, ఏదీ? ఇప్పుడే కదా గీశాను?
"కనపడకుండా పోయిందే, అదే మీది."

మా నాన్న, రంగుల సన్నాసయ్య,
నాటకాలవాళ్లకి సఫేదా నూరేవాడు.
ఆఖరి వరసలో చాపేసుకున్నవాడిక్కూడా
రాజు రాజులా కనపడాలని మందంగా మెత్తేవాడు.
యాభై దాటిన కృష్ణుడికి మాత్రం
బుగ్గ తడిమి చూసి
"నవ్వీకు బాబూ, బీటలిచ్చేస్తాది" అనేవాడు.
నాకబ్బిన విద్య దానికి తిరగేత,
ఎదురుగా కూర్చుని చూసేవాళ్ల కోసం.

ముందు క్రీము.
మంచు మొదలైంది, తోలు పొట్టు లేస్తుంది.
రాసి ఊరుకోవాలి.
"ఎంతసేపు?"
టీ తెప్పించాను. గ్లాసు అడుగు కనపడేంతసేపు.

స్పాంజి పక్కన పడేసి మెత్తటి కుంచె తీశాను.
ఒక్కసారి తిప్పి, అంచున తట్టి,
రుద్దకుండా అద్దుకుంటూ పోయాను
ముక్కు పక్కన ఎర్రబడ్డచోట, గెడ్డం మీద,
నుదుట బొట్టుబిళ్ల వదిలిన తెల్లమచ్చ చుట్టూ.
కళ్లకింద వద్దన్నాను.
అక్కడి గీతలు పౌడరు తాగి
లేని పదేళ్లు కూడా చెప్పేస్తాయి.
కుడిచెవి ముందు సన్నటి పల్లం,
హెడ్‌ఫోను పట్టీ నొక్కీ నొక్కీ తవ్వింది.
కుంచె అందులోకి దిగలేదు.
నేనూ బలవంతం చెయ్యలేదు.
కుంచెకి అంటుకుని మిగిలిందే మెడకి.

ఆవిడ ఫోను తీసి, అలవాటు కొద్దీ చెవికి పెట్టబోయి,
గుర్తొచ్చి ముఖం ముందుకి తెచ్చుకుంది.
ఊపిరి బిగబట్టి ఒకసారి రెప్పలార్పింది.
తెరమీద పచ్చగీత గుండ్రంగా తిరిగి
మొదలుపెట్టిన చోటే ఆగింది.
"ఏమంది?"
"లైన్లో ఉన్నానుట," అంది ఎక్స్చేంజీ గొంతుతో.

రెండోదానికి డబ్బులిచ్చింది.
వాడిన సరుకు వాపసుండదంటే
నువ్వే ఉంచుకోమని ఒకటో డబ్బీ వదిలేసి
దాసన్నపేట ఆటో ఎక్కింది.

షట్టరు దించేముందు
చివరి వెలుతుర్లో నా దవడ మీద గీసుకు చూశాను.
పలకమీద సుద్ద.
రెండు, మూడు, నాలుగు కూడా గీశాను.
ఈ కంపెనీవాడు నా నంబరు చెయ్యనే లేదు.
ఆరో, ఏడో ఉంటే పంపమని
వైజాగు సేటుకి చీటీ రాసి
కొంగుతో దవడ తుడుచుకున్నాను.